మాను ఒకరిది, ఆకు ఒకరిది

కానుగ మొక్కలు పంచడానికి ఈ మధ్యాహ్నం మా వీధి బడికి ఒక ఆఫీసరు వచ్చాడు. తల్లులు కూడా రావాలని అయ్యవారు కబురు పెడితే చంటిదాన్ని చంకన వేసుకుని నేనూ వెళ్ళాను. తడిపిన గోనెల మీద మొక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు తుడుచుకుని, గట్ల మీద చెట్లు పెంచమని చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత అన్నాడు: “కానుగ ఆకును మించిన ఎరువు లేదని ఇప్పుడు శాస్త్రం తేల్చింది. మీ పెద్దలకు ఈ సంగతి తట్టలేదు. గట్లన్నీ బోడిగా వదిలేసి, పంట లేదు పంట లేదని ఏడిస్తే ఎట్లా? ఇకనైనా సోమరితనం మానండి.”

జనం చప్పట్లు కొట్టారు. నా ముందు కూర్చున్న తలపాగా ముసలాయన కూడా కొట్టాడు. గట్లు ఎట్లా బోడి అయ్యాయో ఆయనకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. అయినా కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చంటిది ఏడుస్తోందన్న నెపంతో లేచి వచ్చేశాను. అది ఏడవనే లేదు.

ఇప్పుడది నిద్రపోతోంది. నిన్నటి నుంచి గంజి నోట పెట్టనివ్వడం లేదు. ఏమీ లేదు, పళ్ళు వస్తున్నాయంతే అంటారు డాక్టరుగారు. నాకు నమ్మకం చిక్కదు. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. “పడుకోరాదా” అని మావారు ఒకసారి అని, అటు తిరిగి పడుకున్నారు. పడుకున్నా నాకు నిద్ర రాదు. ఆ ఆఫీసరుకు అక్కడే చెప్పవలసిన జవాబు నాతోనే ఇంటికి వచ్చింది.

మా ఊరు చంద్రగిరి కొండల అడుగున. యుద్ధం జరుగుతున్న కాలం. నాకింకా ఓణీ వేయలేదు. మెరక మీద మా చేను, దాని దిగువన ఒక కయ్య, రెండింటికీ మధ్య పెద్ద గట్టు. కయ్య అంటే మా వైపు చిన్న వరిమడి. చేను మాది. కయ్య మేము అవ్వా అని పిలిచే ఒకామెది. ఆమె మాకు చుట్టం కాదు. మా నాయన ఆమెను పెద్దమ్మా అనేవాడు, కాబట్టి మాకు అవ్వ అయింది. గట్టు పొడుగునా కానుగ మానులు. వాటి వేళ్ళు అల్లుకుపోయి గట్టు ఎంత గట్టిపడిందంటే, పిల్లలం చేతులు పట్టుకుని పక్కపక్కన పరుగెత్తినా మట్టిపెళ్ళ రాలేది కాదు.

ఆ మానుల విషయంలో ఊళ్ళో ఒక కట్టు ఉండేది. మాను గట్టు పైవాడిది, ఆకు గట్టు కిందివాడిది. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు. కారణం మాత్రం పసిపిల్లకు కూడా అర్థమయ్యేది. గట్టు కయ్యకు దక్షిణాన ఉంది. చలికాలమంతా మానుల నీడ కయ్యలో పడుతుంది. నీడ పడినంత మేరా వరి పొట్టిగా, తాలుగా వస్తుంది. అందుకని నీడ మోసినవాళ్ళకు ఆకు. కాయలు మావి. వాటిని గానుగ ఆడిస్తే నూనె మా ఇంటి దీపాలకు, చెక్క ఎరువుగా మా చేనికి. అవ్వ కొమ్మలు నరుక్కోవచ్చు గాని మాను తల ముట్టకూడదు. మేము కాయలు రాల్చుకోవచ్చు గాని ఆకు దూయకూడదు. పొద్దున పళ్ళు తోముకునే పుల్ల కోసం కూడా మా నాయన గట్టు మీద నిలబడి కేక వేసేవాడు.

“పెద్దమ్మా, ఒక పుల్ల విరుచుకుంటా ఉండా.”

“విరుచుకో నాయనా, పండ్లు నీయే గదా” అని కయ్యలోంచి జవాబు వచ్చేది.

ఎండలు ముదరకముందే పాత ఆకు రాలి, రాగి చెంబు తోమినట్టు మెరుస్తూ కొత్త చిగురు వచ్చేది. చూస్తూండగానే అది చిలకపచ్చకు తిరిగేది. తరువాత పూలు. లేత ఊదా కలిసిన తెల్లటి పూలు గట్టంతా బొరుగులు ఆరబోసినట్టు రాలేవి. మిట్టమధ్యాహ్నం మేము చెనిక్కాయ అనే వేరుసెనగ చేలో కాలు పెడితే బొబ్బలెక్కే ఎండలో, ఆ గట్టు మీద మట్టి చల్లగా ఉండేది. తేనెటీగల రొద వింటూ మేము ఆకులు చుట్టి పీకలు చేసి ఊదేవాళ్ళం. ఆకు అవ్వది కాబట్టి పీకకు కూడా ఆమెను అడగాలి. మేము అడగకుండా తెంపేవాళ్ళం. ఆమెకు తెలుసు. పీక మోత వినబడగానే, “ఎవురో నా కయ్యకు రావాల్సిన ఎరువును నోట్లో పెట్టుకోనుండారు” అని పక్క మడిలోవాళ్ళకు వినబడేటట్టు అనేది.

కాలువకు నీళ్ళు వదలగానే ఆకు తొక్కడం మొదలయ్యేది. దోటికి కొడవలి కట్టి అవ్వ కొమ్మలు కోస్తూంటే మేము ఈడ్చుకుపోయి బురదలో పరిచేవాళ్ళం. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఆడవాళ్ళూ పిల్లలూ వరసగా తొక్కుతూ పోవాలి. తొక్కినాక నిండా నీళ్ళు కట్టి వదిలేస్తే ఆకు కుళ్ళి, బుడగలు వచ్చి, ఊరంతా వాసన. అవ్వ రోజూ పొద్దున ఆ నీళ్ళు దోసిట్లో ఎత్తి వాసన మూచూసేది. ఘాటు తగ్గి, పులిసిన సద్ది వాసన వచ్చిన రోజు గండి కొట్టి ఆ నల్లటి కుళ్ళునీళ్ళు కాలువలోకి వదిలేసేది. కుళ్ళునీళ్ళు నారుకు వేడి అని ఊరందరి నమ్మకం. ఆ తరువాత కొత్త నీళ్ళు పెట్టి నాటు వేసేది. వాళ్ళ అత్త అట్లాగే చేసింది, అత్తకు అత్త కూడా అట్లాగే.

తొక్కిన రోజు మా కాళ్ళు ఎంత కడిగినా కంపు పోయేది కాదు. అమ్మ మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. “ఆ కాళ్ళు యాడన్నా ఇడిసిపెట్టి రాండి, అప్పుడు కూడు పెడతా” అనేది. మాకు ఆమె కూడు అక్కరలేదు. అప్పటికే అవ్వ ఇంట్లో రాగిసంగటి ముద్ద, కయ్య గట్ల బొక్కల్లో పట్టిన ఎండ్రకాయల పులుసు, వేయించిన చెనిక్కాయలూ ఎండుమిరపకాయలూ రోట్లో నూరిన ఊరిబిండి కడుపు నిండా తిని వచ్చేవాళ్ళం. పులుసులో అవ్వ చింతపండు ఎక్కువ వేసేది. ఇప్పటికీ చింతపండు పిసుకుతూంటే ఆ పులుసు వాసన తగులుతుంది నాకు.

ఆ పొయ్యి ఆమె సొంత పొయ్యి. అది ఆమెకు ఎంత ముఖ్యమో అప్పుడు మాకు తెలియదు. చిన్నతనంలోనే మొగుడు పోతే, మరిది పెద్దమనుషుల ముందర ఒక మాట చెప్పి ఆ కయ్య ఇచ్చాడట. పండించినన్నాళ్ళు వదినది, పండించలేని నాడు మళ్ళీ తనది. ఆమె పండించింది. నా తల్లి కాపురానికి రాకముందు నుంచీ ఏటా పండిస్తూనే ఉంది. మరిది ప్రతి నాట్లకూ గట్టు మీదికి వచ్చి, “కష్టమైతే చెప్పు వదినా, ఇంట్లో నీకు కూడు లేకపోలేదు” అనేవాడు. “నా పొయ్యి రాజుకుంటా ఉండాది లే అబ్బోడా” అని ఆమె అనేది. ఆ ఇంట్లో ఆమె కూడు ఎట్లాంటిదో ఊరికి తెలుసు. అందరూ తిన్న తరువాత, అడుగున మిగిలింది, దొడ్డి వైపు కూర్చుని.

యుద్ధం మా ఊరికి బస్సు రూపంలో వచ్చింది. పెట్రోలు దొరకక, చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సు వెనక ఒక ఇనుప పీపా కట్టి, అందులో బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. కండక్టరు కిందికి దిగి చక్రం తిప్పుతూ గాలి కొట్టాలి. అది దగ్గి, కసిరి, పొగ కక్కి, ఎప్పటికో కదిలేది. మెరక వచ్చిందంటే ఆగిపోయేది. జనమంతా దిగి తోస్తూంటే మేమూ వెళ్ళి తోసేవాళ్ళం. మొహాలు మసి, పావడాలకు మసి. ఆ బొగ్గు కంపు మాకు పండగ వాసన లాగా ఉండేది. ఆ బస్సు ఏమి తిని బతుకుతోందో అడగాలని ఎవరికీ తోచలేదు.

తోచేటప్పటికి బొగ్గు కాంట్రాక్టరు మా తిన్నె మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

“యుద్ధం సామీ. బొగ్గు లేకుంటే బస్సు లేదు. బస్సు లేకుంటే కోర్టు లేదు, ఆస్పత్రి లేదు, కొండకు పొయ్యే జనం లేదు. గట్టు మీద ఊరికే నిలబడుండే మానులు. మీరు ఊ అంటే చాలు.”

“ఊరికే నిలబడి లేవప్పా. కింది కయ్యకు ఆకు వాటిదే” అన్నాడు నాయన.

“ఆకుదేముండాది సామీ? ఆకు బొగ్గవతాదా?”

నాయన నవ్వాడు. ఆ నవ్వుతోనే బేరం కుదిరిపోయిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆకు బొగ్గు కాదు, దాన్ని ఎవరూ కొనరు, కాబట్టి అది లేనట్టే. ఇన్ని తరాలు ఊరిని పోషించిన ఆకు ఆ ఒక్క మాటతో చెత్త అయిపోయింది.

కాంట్రాక్టరు మానులను కావలించుకుని లావు చూడడం అవ్వ కయ్యలోంచి చూసింది. చేతి బురద కడుక్కోకుండానే వచ్చి తిన్నె కింద నిలబడింది.

“మానులు కొట్టిస్తా ఉండావంటనే నాయనా.”

“మాను నాదే గదా పెద్దమ్మా.”

“నీదే. ఎవురు కాదనిరి? ఆకు నాది. మాను కొట్టేసినాక నా ఆకు యాడ మొలస్తాది, నీ నెత్తిన?”

కాంట్రాక్టరు పకపకా నవ్వాడు. నాయన నవ్వలేదు.

“నీ ఆకు ఊరికే పోనీను. కొట్టేటప్పుడు కొమ్మా రెమ్మా అంతా నువ్వే తీసుకో.”

“అది ఒక తూరికి. వచ్చే యేటికి?”

“వచ్చే యేటికి ఏదో ఒకటి చూస్తాం లే.”

“సూసేది నువ్వు. పైరు పెట్టేది నేను” అంది అవ్వ. చాలాసేపు అక్కడే నిలబడింది. చివరికి ఒక్కటి సాధించుకుని పోయింది. ఆకు పచ్చిగా తొక్కుకునే వీలుండాలి, అందుకని కాలువకు నీళ్ళు వచ్చి, కయ్య దున్నే దాకా గొడ్డలి పడకూడదు. కాంట్రాక్టరు గొణిగాడు గాని ఒప్పుకున్నాడు.

లోపల అమ్మ కుండలతో మాట్లాడుతున్నట్టు గట్టిగా అంది: “దీపానికి నూనె యాడిది ఇంక? ఆ బస్సునే తెచ్చి నట్టింట్లో కట్టేసుకుంటే సరి. తెల్లవార్లూ వెలుగిస్తాది.”

“ఆడోళ్ళకేం తెలుస్తాది యుద్ధం సంగతి” అన్నాడు నాయన.

మానులు పడ్డాయి. పడినప్పుడల్లా పచ్చి చెక్క వాసన చేదుగా ముక్కుకు కొట్టేది. కాండంతో ఊరుకోలేదు వాళ్ళు. మొదళ్ళు మంచి బొగ్గు అవుతాయని వేళ్ళతో సహా తవ్వుకున్నారు. మా చేను మూలనే మట్టి కప్పిన బట్టీలు రోజుల తరబడి పొగలు చిమ్మాయి. తలలో, బట్టల్లో, పెరుగులో కూడా పొగ వాసన. గట్టు మీద మిగిలిన గుంతల్లోకి మట్టి నెట్టి, కాలితో తొక్కి కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు.

కయ్యలో ఆకు కొండ లాగా పడింది. మేము దాంట్లో దూరి దాక్కుంటే అవ్వ కర్రతో పొడిచి, “ఎవురా మేకలు? పలక్కుంటే మిమ్మల్ని కూడా ఆకుతో కలిపి తొక్కేస్తాం” అనేది. నవ్వుతూనే అంది. ఏం చేస్తుంది, చేతికి వచ్చిన ఆకు వచ్చింది.

ఆ యేడు ఆ కయ్యలో పండినట్టు ఎన్నడూ పండలేదు. అంత ఆకు పడింది, పైన నీడా లేదు. కంకులు వంగి నీళ్ళను తాకాయి. ఊరంతా వచ్చి చూసింది. నాయన గట్టు మీద నిలబడి, “ఏం పెద్దమ్మా, మానులు పోతే కయ్య పోతాదంటివే?” అన్నాడు. ఆ గొంతులో పెద్ద బరువు దిగినట్టు ఉంది.

“ఇవి మానుల దినాల కూడు నాయనా” అంది అవ్వ, కొడవలి ఆపకుండా. “కడుపు నిండా తిన్నాం. రేపటికి?”

మరుసటి ఎండాకాలం గట్టు మీద కాలు పెట్టలేకపోయాం. పూలు లేవు, తేనెటీగలు లేవు. నీళ్ళు వదిలే కాలం వచ్చేసరికి అవ్వ ఆకు కోసం కొండకు పోయింది. ఫారెస్టు గార్డు మోపు పడదోసి, కొడవలి గుంజుకున్నాడు. ఊళ్ళోని తక్కిన గట్ల ఆకు అప్పటికే వేరే కయ్యలది. పైగా ఆ గట్లు కూడా ఒక్కొక్కటే అమ్ముడుపోతున్నాయి. మా నాయన అమ్మిన తరువాత ఇంకెవరికి సంకోచం?

అప్పుడు ఎరువుల మేస్త్రి వచ్చాడు. సర్కారు మనిషి, టోపీ పెట్టుకున్నాడు. పంట ఎక్కువ పండించాలని చెబుతూ ఊరూరా తెల్లటి సీమ ఎరువు బస్తాలు ఇప్పిస్తున్నాడు. ఊరివాళ్ళు దాన్ని చూసి ఉప్పు అన్నారు. నాయన చెప్పిన “ఏదో ఒకటి” అదే అయింది. తనే అవ్వకు ఒక బస్తా ఇప్పించాడు. మా వాకిట్లోనే ఇచ్చారు. అవ్వ చిటికెడు తీసి వాసన చూసింది.

“కంపే లేదే సామీ. ఇది ఎరువా?”

“నీ బండెడు ఆకుకు ఈ బస్తా సమానమవ్వా. చల్లడమే.”

“సల్లి తొక్కాల్నా?”

“తొక్కితే ఇంకా మంచిదే.”

“నీళ్ళు కట్టాల్నా?”

“నీళ్ళు లేకుండా వరి ఎట్లా వస్తుందవ్వా?” అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. ఆయన బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. నారు నాటి, అది నిలదొక్కుకున్నాక చల్లాలన్న ఒక్క మాట చెప్పడానికి ఆయనకు తీరిక చిక్కలేదు. అవ్వ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఔననే జవాబు వచ్చింది. ఆకుకు ఏమి చేసేదో ఉప్పుకు అదే చేయమన్నారని ఆమె అర్థం చేసుకుంది. నేను అక్కడే ఉన్నాను, నాకూ అట్లాగే అర్థమైంది.

ఆమె ఉప్పు చల్లింది. మమ్మల్ని పిలిచి వరసగా నిలబెట్టి తొక్కించింది. కాళ్ళ పగుళ్ళలో చురుక్కుమని మండింది. నిండా నీళ్ళు కట్టి వదిలేసింది. రోజూ పొద్దున దోసిట్లో నీళ్ళు ఎత్తి మూచూసేది. “యేం ఉప్పో ఇది, కుళ్ళి సావదే” అనేది. సద్ది వాసన కోసం చూసి చూసి, నారు ముదిరిపోతోందని ఒక రోజు గండి కొట్టి నీళ్ళన్నీ వదిలేసింది. కొత్త నీళ్ళు పెట్టి నాటు వేసింది.

వరి పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు లేచింది. దిగువ కాలువలో మాత్రం తుంగ, ఎవరూ ఎన్నడూ చూడనంత నల్లటి పచ్చగా, మనిషి ఎత్తు పెరిగింది.

“అవ్వా, తుంగ ఎప్పుడు కోస్తావు? కూలికి వస్తాం” అని దారిన పోయేవాళ్ళు అడిగేవాళ్ళు.

“రాండి, రాండి. కూలి కూడా తుంగే” అనేది ఆమె.

మేస్త్రి మళ్ళీ వచ్చినప్పుడు ఎవరో ఈ సంగతి చెప్పారు. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. వెళ్ళిన ప్రతి ఊళ్ళో చెప్పాడు. ఉప్పు నానబెట్టి పారబోసిన అవ్వ కథ మా తాలూకా అంతా తిరిగింది. చుట్టాల పెళ్ళికని అమ్మతో తిరుపతికి పోతూ బస్సులో నేనే విన్నాను. చక్రం తిప్పి గాలి కొడుతూ కండక్టరు ఆ కథ చెబుతున్నాడు, జనం విరగబడి నవ్వుతున్నారు. పీపాలో మండుతున్నది ఏ గట్టు మీది మానో ఎవరికి తెలుసు. ఆమె నోటి ముందరి కూడు కాల్చి ఆ బస్సు నడుస్తోంది, ఆ బస్సులో కూర్చుని ఆమె తెలివితక్కువను చెప్పుకుని నవ్వుతున్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కార్తీకంలో తుపాను పట్టింది. అట్లాంటి వానలు అంతకుముందు లేవా? ప్రతి యేడూ ఉన్నాయి. గట్టు కదలలేదు. ఈసారి నీళ్ళకు మానుల గుంతల్లో మెత్తటి మట్టి దొరికింది. తెల్లవారి చూస్తే గట్టు ఎక్కడికక్కడ కోసుకుపోయి, మా చేని ఎర్రమట్టీ ఇసుకా అంతా దిగువకు దిగి, అవ్వ కయ్య మోకాలి లోతు మేట వేసి ఉంది. మిగిలిన ఆ పసుపు వరి కొసలు అక్కడక్కడ ఇసుకలోంచి కనబడుతున్నాయి. మా చేని మధ్య నిలువునా నీళ్ళు కోసిన వంక ఒకటి పడింది. నాయన దాని అంచున నిలబడి, “దేవుడి పని” అన్నాడు. దేవుడు ఎప్పుడు వచ్చి మొదళ్ళు తవ్వుకుపోయాడని అడగడానికి నాకు అప్పుడు నోరు లేదు.

పెద్దమనుషులు మా తిన్నె మీదనే కూర్చున్నారు. వాళ్ళలో నాయన ఒకడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. మరిది మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు.

“వదినను నేను యాడికీ పొమ్మనలేదు. నా ఇంట్లో కూడుండాది. మాట మాటే గదా. పండించినన్నాళ్ళు ఆమెది అనుకున్యాం. ఉప్పు చూస్తే నీళ్ళపాలు చేసుకునింది. కయ్య చూస్తే ఇసుకపాలు. ముసలితనం, ఆమెకు చేతకాదు. నేను ఇసుక ఎత్తించి దున్నుకుంటా.”

పెద్దలు తలలు ఊపారు. ఒకాయన ఉప్పు మాట వినగానే మీసం చాటున నవ్వుకున్నాడు. అవ్వ కింద నిలబడి ఉంది. మరిది వైపు చూడనే లేదు.

“నాయనా, నిన్నే” అంది. “నీడ మోసింది నేను. బొగ్గు అమ్ముకునింది నువ్వు. కయ్య ఇప్పియ్యమని అడగలా. గింజలు అడగలా. ఒక్క మాట సెప్పు ఈడ, అందురి ముందర. కయ్య పొయ్యింది ఈ ముసల్దాని తెలివితక్కువతో కాదు, నేను మానులు కొట్టించినందుకు అని.”

నాయన తువ్వాలు భుజం మీంచి తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

“ఇప్పుడా మాటలన్నీ ఎందుకు పెద్దమ్మా. తుపానుకు ఎవరేం చేస్తారు? ఇంట్లో వడ్లుండాయి, ఒక మూట పంపిస్తాలే.”

“మూట ఎత్తుకునేదానికి నాకు నడుము లేదు నాయనా” అంది అవ్వ. “మాటయితే మోసుకుని పోదును.”

వెళ్ళిపోయింది. మరిది ఆమె సామాను మోయించడానికి మనిషిని పంపాడు. మోయడానికి పెద్దగా ఏమీ లేదట. వడ్ల మూట మా తిన్నె మీద ఎన్నాళ్ళో ఉంది. ఎవరూ తీసుకుపోలేదు, ఎవరూ లోపల పెట్టలేదు. ఊరపిచ్చుకలు గోనె పొడిచి తినడం మొదలుపెట్టాక అమ్మ ఒక రోజు ఈడ్చుకొచ్చి లోపల వేసింది.

మా నాయన చెడ్డవాడు కాడు. ఎద్దును ముల్లుకర్రతో పొడిచి ఎరగడు. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అంటున్నా నన్ను కాలేజీ దాకా పంపాడు. ఆ బొగ్గు బస్సులోనే నేను హైస్కూలుకు పోయి వచ్చాను. అందుకే నాకు ఇంత కోపం. చెడ్డవాళ్ళు చేసిన పని అయితే తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడని పేరున్న మనిషి, పదిమందిలో తలెత్తుకు తిరిగే మనిషి, ఒక ముసలామె అడిగిన ఒక్క నిజం చెప్పలేక తువ్వాలు దులుపుకున్నాడు. అప్పటి నుంచి మా చేనికి కూడా ఏటేటా ఉప్పు బస్తాలు వస్తూనే ఉన్నాయి. ఎద్దులతో తోడే కపిల బావిలో నీళ్ళు లోతుకు పోయి, మోకు చాలక అతికించుకుంటూనే ఉన్నారు. గట్టు రెండుసార్లు పోశాడు, రెండుసార్లూ కోసుకుపోయింది. అన్నీ దేవుడి పనులే.

నేను కాలేజీలో ఉండగా సెలవులకు వచ్చినప్పుడు అవ్వను చూశాను. మరిది ఇంటి దొడ్డి వైపు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి, “బాగా సదువుకుంటా ఉండావా తల్లీ” అంది. ఔనన్నాను. “యేం సెప్తారు ఆడ?” అని అడిగింది. “చాలా ఉన్నాయి అవ్వా” అన్నాను. ఇంట్లోంచి ఎవరో పిలిస్తే చేట పట్టుకుని లేచింది. మరుసటి సెలవులకు వచ్చేటప్పటికి ఆమె పోయింది. పాడె కట్టేటప్పుడు కూడా ఎవరో ఉప్పు కథ ఎత్తారట. ప్రేమగానే చెప్పుకున్నారని అమ్మ అంది. “పాపం, అమాయకురాలు” అన్నారట.

అమాయకురాలు, సోమరి, తెలియనివాళ్ళు. పేర్లు పెట్టడానికి అందరికీ ఎంత తొందర. నీడకు బదులు ఆకు అని లోకం ఎట్లా సరితూగుతుందో కనిపెట్టి, నాలుగు తరాలు ఆ తూకం తప్పకుండా బతికిన జనానికి, ఒక్క యుద్ధంలో దాన్ని బట్టీల పాలు చేసినవాళ్ళు ఇప్పుడు వచ్చి పాఠం చెబుతున్నారు. కొట్టించింది ఎవరో, కొన్నది ఎవరో, నవ్వింది ఎవరో వాళ్ళలో ఒక్కరూ చెప్పరు. చెట్లు వాటంతట అవే గట్టు దిగి నడిచిపోయినట్టు మాట్లాడతారు.

ఇప్పుడే మళ్ళీ లేచి చూసి వచ్చాను. ఊపిరి సరిగానే ఉంది. ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే దీపం పెద్దది చేసి చూశాను, జ్వరమేమీ కాదు. దీనికి ఊహ వచ్చాక తాతగారి ఊరికి తీసుకుపోతాను. గట్టు కూడా లేని ఆ చేను చూసి ఇక్కడేముండేదని అడుగుతుంది. అప్పటికి ఎవరో ఒకరు దానికి ఉప్పు కథ చెప్పి నవ్వించి ఉంటారు. ఆ లోగా ఇది రాసి పెడుతున్నాను. మా తిన్నె మీద, పదిమంది ముందర మా నాయన చెప్పవలసిన మాట ఇది. ఆయన చెప్పలేదు, ఇక చెప్పేటట్టూ లేడు. ఆయన కూతురిని గనుక చెబుతున్నాను. ఆ అవ్వ ఉప్పు పారబోసుకున్నందుకు కయ్య పోలేదు. మేము మానులు అమ్ముకున్నందుకు పోయింది.